పాత నిలువు వ్యాక్యూమ్ క్లీనర్: పైపు తగిలించి వాడేటప్పుడు జాగ్రత్తలు

గృహ ఆరోగ్య పాఠం

ఇంట్లో దుమ్ము తగ్గితే తుమ్ములు, దగ్గు, ఆయాసం తగ్గుతాయని మనందరికీ తెలుసు. చీపురుతో ఊడ్చినప్పుడు దుమ్ము కొంత చేటలోకి వస్తుంది, మిగిలినది గాలిలోకి లేస్తుంది. ఆ గాలినే మనం పీలుస్తాము. దుమ్మును లేపకుండా లోపలికి లాగుకొనే యంత్రం వ్యాక్యూమ్ క్లీనర్. మంచి యంత్రమే. అయితే అది చాలా పాతదైతే, వాడే విధానం తెలియకపోతే, శుభ్రత కోసం తెచ్చుకున్నదే ఆసుపత్రికి దారి తీయవచ్చు.

మన పాఠకుల కుటుంబాలలో అనేకులకు అమెరికాలోనో ఇంగ్లండులోనో బిడ్డలున్నారు. అక్కడ చాలా ఇళ్లలో గది నిండా కార్పెట్ పరచి ఉంటుంది. దాని మీద మన చీపురు పని చేయదు. కొత్తగా కాపురం పెట్టిన వారికి 40, 50 ఏళ్ల నాటి బరువైన నిలువు వ్యాక్యూమ్ క్లీనర్ పాత సామాన్ల అమ్మకంలో చవకగా దొరుకుతుంది. లేదా తెలిసినవారు ఊరికే ఇస్తారు. పురుడు పోయడానికి వెళ్లిన అమ్మమ్మ, మనవల్ని చూసుకోవడానికి వెళ్లిన తాతయ్య పగటిపూట దానితో ఇల్లు శుభ్రం చేస్తారు. కొందరు తిరిగి వచ్చేటప్పుడు దానిని సామానుతోపాటు ఇండియాకు తెచ్చుకుంటారు. యంత్రంతో వచ్చిన సూచనల పుస్తకం మాత్రం ఎప్పుడో పోయి ఉంటుంది. అందుకే ఈ పాఠం.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఇది: పైపు మీ చేతిలో ఉన్నప్పుడు మీ చూపు కర్టెన్ మీదో సోఫా మీదో ఉంటుంది. కాని ఆ సమయంలో యంత్రం మీ కాళ్ల దగ్గర తిరుగుతూనే ఉంటుంది. ప్రమాదం ఉన్నది అక్కడే.

1. ఈ యంత్రం ఎలా పని చేస్తుంది?

ఈ యంత్రం పుట్టుక వెనుక కూడా ఒక రోగి ఉన్నారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్యాంటన్ పట్టణంలో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అనే ఆయన ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవారు. ఆయనకు ఉబ్బసం ఉండేది. ఊడ్చేటప్పుడు లేచే దుమ్ము ఆయనకు పడేది కాదు. ఒక ఫ్యాన్ మోటారు, చీపురు కర్ర, దిండు గలేబు కలిపి ఆయన దుమ్ము లాగే యంత్రం తయారు చేసుకున్నారు. 1908 జూన్ 2న దానికి పేటెంట్ లభించింది. అదే ప్రాంతంలో తోలు వస్తువుల వ్యాపారం చేసే విలియం హూవర్ ఆ హక్కులు కొన్నారు. ఆ విధంగా హూవర్ యంత్రాలు ప్రపంచమంతా పాకాయి.

నిలువు యంత్రంలో నాలుగు భాగాలు గుర్తు పెట్టుకోండి. మొదటిది మోటారు. రెండవది ఆ మోటారుతో తిరిగే ఫ్యాన్. గాలిని లాగేది ఇదే. మూడవది ముందు భాగంలో అడుగున ఉండే బ్రష్ రోలర్. ఒక రబ్బరు బెల్టు దానిని వేగంగా తిప్పుతుంది. నాలుగవది కర్రకు వేలాడే గుడ్డ సంచి; దుమ్ము చేరేది అందులోకే. 1926లో వచ్చిన హూవర్ 700 మోడల్ నుండి రోలర్ మీద కార్పెట్‌ను కొట్టి దులిపే గట్టి బద్దలు కూడా అమర్చారు. కనుక అక్కడ తిరిగేది మెత్తని కుచ్చు మాత్రమే అనుకోవద్దు.

ఇంకొక సంగతి. నేటి యంత్రాలలో చాలావాటిలో దుమ్ము ముందుగా సంచిలో గాని డబ్బాలో గాని ఆగిపోతుంది, శుభ్రమైన గాలి మాత్రమే ఫ్యాన్‌కు చేరుతుంది. పాత నిలువు యంత్రాలలో చాలావరకు దుమ్ము ఫ్యాన్ రెక్కల మధ్య నుండే సంచిలోకి పోతుంది. కనుక మేకు గాని, నాణెం గాని లోపలికి పోతే నేరుగా రెక్కలకు తగులుతుంది. రెక్క విరిగితే యంత్రం అదురుతుంది, ముక్కలు ఎగురుతాయి.

2. పైపు తగిలించే మూడు పద్ధతులు

మీ దగ్గరున్న యంత్రం ఏ రకమో ముందుగా గుర్తించండి. మూడింటిలోనూ మొదటి పని ఒక్కటే: స్విచ్ ఆపి, ప్లగ్గు గోడ నుండి తీసివేయాలి. స్విచ్ ఆపితే చాలదు. పాత స్విచ్ కర్ర మీదనో, కాలితో నొక్కేలాగనో ఉంటుంది. పొరపాటున చేయో కాలో తగిలితే యంత్రం తిరుగుతుంది. ప్లగ్గు తీశాక కూడా మోటారు శబ్దం పూర్తిగా ఆగే వరకు వేచి ఉండండి.

మొదటి రకం: ముందు భాగంలో అడుగున పైపు బిగించేవి. వీటిలో ముందుగా బెల్టును రోలర్ నుండి తప్పించి, ఆ చోట పైపు మూతిని అమర్చాలి. బెల్టు తప్పిస్తే రోలర్ తిరగదు. పని అయ్యాక బెల్టును మళ్లీ సరైన దిశలో తగిలించాలి. చాలా యంత్రాల మీద బాణం గుర్తు ఉంటుంది.

రెండవ రకం: వెనుక భాగంలో మూత తెరిచి పైపు తోసేవి. 1957లో వచ్చిన హూవర్ కన్వర్టిబుల్ ఈ రకానికి బాగా పేరు పొందినది. దీనిలో పైపు తగిలించగానే మోటారు వేగం పెరిగే ఏర్పాటు ఉంది. కనుక శబ్దం పెరిగితే యంత్రం చెడిందని కంగారు పడనక్కరలేదు. కాని ఈ రకంలో పైపు పని చేస్తున్నంతసేపూ ముందున్న బ్రష్ రోలర్ కూడా తిరుగుతూనే ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావలసిన రకం ఇదే. కర్రను పూర్తిగా నిలువుగా పెట్టి, కదలకుండా పట్టుకున్నదో లేదో చూడండి. వాల్చి ఉంచితే రోలర్ ఒకేచోట కార్పెట్‌ను రాపిడి చేసి కాలుస్తుంది, బెల్టు కూడా కాలుతుంది.

మూడవ రకం: ముందున్న తలభాగం మొత్తం విప్పి, ఆ చోట పైపు బిగించేవి. కిర్బీ యంత్రాలు ఈ విధంగా ఉంటాయి. తల విప్పగానే ఫ్యాన్ దారి బయటపడుతుంది. పాత మోడళ్లలో తల లేకపోయినా మోటారు తిరుగుతుంది. పైపు గట్టిగా బిగించి, తాళం పడిన తరువాతనే ప్లగ్గు పెట్టండి. తల గాని పైపు గాని లేకుండా ఒక్క క్షణం కూడా నడపవద్దు.

3. కరెంటు విషయంలో

వోల్టేజి: అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు. మన దేశంలో 230 వోల్టులు. అక్కడి యంత్రాన్ని ఇక్కడ నేరుగా ప్లగ్గులో పెడితే దాదాపు రెట్టింపు వోల్టేజి పడుతుంది. మోటారు విపరీతమైన వేగం అందుకుంటుంది, ఫ్యాన్ పగలవచ్చు, చుట్టలు కాలి పొగ రావచ్చు. ప్లగ్గు ఆకారాన్ని మార్చే అడాప్టర్ వోల్టేజిని తగ్గించదు. దీనికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. యంత్రం మీద ఉన్న రేకు చదవండి. 120 వోల్టులు, 6 ఆంపియర్లు అని ఉంటే 720 వాట్లు అన్నమాట. మోటారు బయలుదేరేటప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది కనుక 1000 వాట్లకు తగ్గని ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 1500 అయితే మేలు. హెయిర్ డ్రయ్యర్ కోసం అమ్మే చిన్న ట్రావెల్ కన్వర్టర్లు మోటార్లకు పనికిరావు. ఇంగ్లండు యంత్రాలకు ఈ ఇబ్బంది లేదు; అక్కడి వోల్టేజి దాదాపు మనదే.

తీగల రంగులు: ఇది ఎలక్ట్రీషియన్‌కు తప్పక చెప్పండి. మన ఇళ్లలో అలవాటుగా ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్తు. అమెరికాలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. అంటే మనం భద్రం అనుకునే నల్ల తీగలోనే అక్కడ కరెంటు ఉంటుంది. ఇంగ్లండులో నేటి యంత్రాలకు గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చ–పసుపు చారల తీగ ఎర్తు. పాతవాటికి ఎరుపు, నలుపు, పచ్చ ఉండేవి. అలవాటు ప్రకారం ప్లగ్గు మార్చేస్తే ప్రమాదం.

ఎర్తు: పాత యంత్రాలలో అనేకం లోహపు బాడీతో, రెండు తీగల వైరుతో ఉంటాయి. ఎర్తు తీగ ఉండదు. లోపల ఎక్కడైనా తీగ పొర చిట్లి బాడీకి తగిలితే బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. అందుకే వాడకానికి ముందు ఒక్కసారైనా ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ పెట్టించి లీకేజీ చూపించండి. మామూలు ఫ్యూజు, ఎంసీబీ తీగ కాలకుండా కాపాడతాయి కాని మనిషిని కాపాడవు. మనిషిని కాపాడేది లీకేజీని గుర్తించే ఆర్‌సీసీబీ. మన ఇళ్లలో 30 మిల్లీ ఆంపియర్లది వేయించుకోవాలి. అమెరికాలో వంటగది, బాత్రూము ప్లగ్గుల దగ్గర టెస్ట్, రీసెట్ అని రెండు చిన్న బటన్లు ఉంటాయి. అక్కడ సుమారు 5 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆగిపోతుంది. పాత యంత్రాన్ని ఆ రక్షణ ఉన్న ప్లగ్గులోనే పెట్టండి.

వైరు: ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు బిరుసెక్కి పగులుతుంది. ప్లగ్గు తీసి ఉన్నప్పుడు వైరును జానెడు జానెడు చొప్పున వంచి చూడండి. ముఖ్యంగా ప్లగ్గు దగ్గర, యంత్రంలోకి ప్రవేశించే చోట చూడండి. పగుళ్లు కనిపిస్తే టేపు చుట్టి నెట్టుకురావద్దు, వైరు మొత్తం మార్పించండి. పలచని ఎక్స్‌టెన్షన్ వైరు వాడవద్దు. మందమైనదైనా చుట్టగా ఉంచి వాడితే వేడెక్కుతుంది. పూర్తిగా విప్పి వాడండి.

4. శుభ్రం చేసేటప్పుడు

చీర కొంగు నడుముకు దోపుకోండి. చున్నీ తీసి పక్కన పెట్టండి. జడ పైకి ముడి వేసుకోండి. మెడలో పొడుగు గొలుసు ఉంటే జాకెట్టు లోపలికి వేసుకోండి. కింద సోఫా అడుగున పైపు పెట్టడానికి వంగినప్పుడు కొంగు, జడ, గొలుసు వేలాడేది సరిగ్గా బ్రష్ రోలర్ దగ్గరే. కాళ్లకు చెప్పులో బూట్లో ఉండాలి.

పాకే పిల్లలు, తప్పటడుగులు వేసే పిల్లలు ఆ గదిలో ఉండకూడదు. శబ్దం వచ్చే వస్తువు దగ్గరికి పిల్లలు వెళ్లకుండా ఉండరు. మీరు కర్టెన్ వైపు తిరిగి ఉన్న సమయంలోనే చంటివాడు వెనుక నుండి వచ్చి యంత్రం ముందు వేళ్లు పెడతాడు. తిరిగే రోలర్ చిన్న చేతి చర్మాన్ని క్షణాలలో ఒలిచివేస్తుంది. మరొకరు బిడ్డను ఎత్తుకుని వేరే గదిలో ఉంటేనే పని మొదలు పెట్టండి. ఎవరూ లేకపోతే బిడ్డ నిద్రపోయినప్పుడు తలుపు వేసుకుని చేయండి. శబ్దానికి లేస్తాడనుకుంటే ఆ పని సాయంత్రానికి వాయిదా వేయండి, నష్టమేమీ లేదు.

పైపు కొనను చెవి, కన్ను, నోరు, ఒంటి మీద ఎక్కడా పెట్టకూడదు. ఆటకు కూడా వద్దు. చెవికి పెడితే కర్ణభేరి దెబ్బతినవచ్చు. కిర్బీ వంటి యంత్రాలలో పైపును సంచి వైపు తగిలిస్తే గాలి బయటకు ఊదుతుంది. దానితో దుమ్ము ఊదితే కళ్లలో పడుతుంది.

మెట్లు శుభ్రం చేసేటప్పుడు యంత్రాన్ని పై మెట్టు మీద పెట్టవద్దు. పైపు లాగగానే ఆ బరువంతా మీ మీదికి దొర్లుతుంది. యంత్రాన్ని మెట్ల కింద నేల మీద ఉంచి, పైపు అందినంత వరకే చేయండి. పైపు పట్టుకుని యంత్రాన్ని ఈడ్వవద్దు. నడుము నొప్పి ఉన్నవారు దానిని మోయవద్దు.

శబ్దం ఉన్నట్టుండి సన్నగా, కీచుమన్నట్టు మారి, లాగడం తగ్గితే పైపులో ఏదో అడ్డుపడిందని అర్థం. రబ్బరు కాలిన వాసన వస్తే రోలర్ ఇరుక్కుని బెల్టు రాసుకుంటోందని అర్థం. మోటారు దగ్గర పెద్ద నిప్పురవ్వలు, పొగ, బాడీ ముట్టుకుంటే చిమచిమలాడడం కనిపిస్తే వెంటనే ఆపి, ప్లగ్గు తీసి, మరమ్మతు అయ్యేవరకు వాడవద్దు. రోలర్‌కు చుట్టుకున్న జుట్టు, దారాలు ప్లగ్గు తీసిన తరువాతనే కత్తెరతో కోయండి.

5. లోపలికి లాగకూడనివి

నీళ్లు, తడి కార్పెట్, పిల్లల వాంతి: పాత నిలువు యంత్రాలు పొడి దుమ్ముకు మాత్రమే. తడి తగిలితే షాక్ కొడుతుంది.

దోమల చుట్ట బూడిద, అగరువత్తి, పొయ్యి బూడిద, సిగరెట్ ముక్కలు: పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు ఉండవచ్చు. గాలి తగిలి సంచిలో రాజుకుంటుంది.

కిరోసిన్, పెట్రోలు, థిన్నర్ ఒలికిన చోటు: మోటారులో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు, మంట అంటుకుంటుంది.

మేకులు, పిన్నులు, నాణేలు, గాజు పెంకులు: ఫ్యాన్ రెక్కలు విరుగుతాయి, సంచి చిరుగుతుంది.

పగిలిన జ్వరమాని పాదరసం: వ్యాక్యూమ్ పెడితే పాదరసపు ఆవిరి గది అంతా వ్యాపిస్తుంది, యంత్రం కూడా విషమయమవుతుంది. పిల్లలను బయటకు పంపి, కిటికీలు తెరిచి, చేతికి తొడుగు వేసుకుని, గట్టి కాగితంతో బొట్లను ఒకచోటికి చేర్చి మూత ఉన్న సీసాలో వేయండి. చిన్న బొట్లను అంటుకునే టేపుతో తీయండి. ఆ సీసాను చెత్తబుట్టలో వేయకుండా ఆసుపత్రిలో అడిగి అప్పగించండి.

ఎలుకల పెంటికలు: ఊడ్చినా, వ్యాక్యూమ్ పెట్టినా రోగక్రిములు గాలిలోకి లేస్తాయి. క్రిమిసంహారక ద్రావణంతో తడిపి, తొడుగు వేసుకుని, కాగితంతో తుడవండి.

పాత రంగు పెచ్చులు: అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇళ్ల రంగులో సీసం ఉండవచ్చు. ఆ పొడి గుడ్డ సంచి గుండా బయటికి వస్తుంది. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. దీనికి హెపా ఫిల్టర్ ఉన్న యంత్రమే కావాలి.

6. ఉబ్బసం ఉన్నవారికి

కార్పెట్లు, పరుపులలో కంటికి సరిగా కనబడని దుమ్ము పురుగులు ఉంటాయి. వాటి పొడుగు మిల్లీమీటరులో మూడో వంతుకు మించదు. వాటి మలం ఎందరికో తుమ్ములు, ఆయాసం తెప్పిస్తుంది. హెపా ఫిల్టర్ అంటే 0.3 మైక్రాన్ల కణాలను కూడా 99.97 శాతం ఆపగలిగేది. పాత గుడ్డ సంచి అలా ఆపలేదు. పెద్ద దుమ్మును పట్టుకుని, సన్నని దుమ్మును మళ్లీ గదిలోకి వదులుతుంది. ఉబ్బసం ఉన్న స్పాంగ్లర్ చేసిన యంత్రమే అయినా, దాని పాత మోడళ్లు నేటి ఉబ్బసం రోగికి తగినవి కావు.

కనుక ఉబ్బసం ఉన్నవారు స్వయంగా ఈ పని చేయవద్దు. వేరేవారు చేసేటప్పుడు కిటికీలు తెరవాలి. రోగి కనీసం అరగంట తరువాతనే ఆ గదిలోకి రావాలి. లోపల కాగితపు సంచి పెట్టుకునే వీలున్న యంత్రమైతే తప్పక పెట్టండి, మళ్లీ వాడకుండా పారవేయండి. గుడ్డ సంచిని ఇంట్లో దులపవద్దు. ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని, గాలికి వీపు పెట్టి దులపండి. పాత పైపులో, సంచిలో ఏళ్ల నాటి బూజు వాసన వస్తే వాటిని మార్చండి. ఇంట్లో ఉబ్బసం ఉన్న బిడ్డ ఉంటే ఈ పాత యంత్రం మీద డబ్బు ఖర్చు చేసే బదులు హెపా ఉన్న చిన్న కొత్తది కొనుక్కోవడం మంచిది.

7. ప్రమాదం జరిగితే

వేళ్లు ఇరుక్కుంటే: ముందు ప్లగ్గు లాగండి. చేయి బలవంతంగా లాగవద్దు. రోలర్‌ను చేతితో వెనక్కి తిప్పండి. అవసరమైతే బెల్టు కోసివేయండి. వాపు రాకముందే ఉంగరం, గాజులు తీయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు గట్టిగా అదిమి ఉంచండి. చర్మం ఒరుసుకుని కాలినట్లయితే 20 నిమిషాలు పారే మామూలు నీటి కింద ఉంచండి. పసుపు, టూత్ పేస్టు, సిరా, ఐసు పెట్టవద్దు. ఈ రాపిడి గాయాలు పైకి చిన్నవిగా కనిపించినా లోతుగా ఉంటాయి. పిల్లల వేళ్లు తరువాత ముడుచుకుపోవచ్చు. కనుక అదే రోజు డాక్టరుకు చూపించి, టెటనస్ ఇంజక్షన్ గురించి అడగండి.

షాక్ కొడితే: మనిషిని ముట్టుకోవద్దు. మెయిన్ స్విచ్ ఆపండి. ఆపలేకపోతే పొడి కర్రతో వైరును దూరంగా నెట్టండి. మనిషి స్పృహ లేకుండా, శ్వాస లేకుండా ఉంటే రొమ్ము మధ్య నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ సహాయం కోసం పిలవండి. మన తెలుగు రాష్ట్రాలలో 108, అమెరికాలో 911, ఇంగ్లండులో 999. తేలికపాటి షాక్ అయినా గుండె దడ, తల తిరగడం, కాలిన మచ్చ ఉంటే డాక్టరును కలవండి.

ఇంటిల్లిపాదీ కలిసి జవాబు చెప్పండి

1. మన యంత్రం పైపు తగిలించే మూడు రకాలలో ఏది? పైపు పెట్టినప్పుడు బ్రష్ తిరుగుతుందా, ఆగుతుందా?

2. మన యంత్రం రేకు మీద ఎన్ని వోల్టులని ఉంది?

3. వైరును చివరిసారి ఎప్పుడు వంచి చూశాము?

4. అమ్మమ్మ శుభ్రం చేస్తున్నంతసేపూ బిడ్డను ఎవరు ఎత్తుకుంటారు?

5. ఈ ఇంట్లో మెయిన్ స్విచ్ ఎక్కడ ఉందో అందరికీ తెలుసా?

విదేశాలలో ఉన్న మీ బిడ్డలకు ఫోను చేసినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు వారిని కూడా అడగండి. ఒక్కదానికి జవాబు తెలియకపోయినా, అది తెలిసేవరకు యంత్రం ప్లగ్గు పెట్టవద్దని చెప్పండి.